కంబళ్ళ మీద మా ఏనుగు

నాకు పోలీసు శాఖలో ఉద్యోగం దొరికిందని చెప్పగానే మా మామ్మ సంతోషించింది. ఆవిడ లెక్కలో పోలీసు ఉద్యోగమంటే గుర్రం, కత్తి, వెనక నలుగురు మనుషులు. నేను చేరింది శ్రీకాకుళంలో జిల్లా పోలీసుల బట్టల స్టోరులో. అక్కడ గుర్రం లేదు. ఖాకీ నిక్కర్లు, చొక్కాలు, కాలిపట్టీలు, టోపీలు, తోలు బెల్టులు, విజిళ్ళు, బూట్లు, కంబళ్ళు ఉన్నాయి. వాటిలో ఏది ఎవరికి ఇచ్చామో, ఏ స్థితిలో తిరిగి తీసుకున్నామో రిజిస్టరులో రాయడం నా పని.

ఈ సంగతి మామ్మకు విడమరిచి చెప్పాను. మర్నాడు నేను భోజనానికి ఇంటికి వచ్చేసరికి పక్కవాటా ఆవిడతో గోడ మీదుగా అంటోంది:

"మావాడు పోలీసులకి బట్టలు పెడుతున్నాడమ్మా. జిల్లా అంతటికీ వీడే పెట్టాలి."

నేను దిద్దలేదు. ఆలోచిస్తే అందులో అబద్ధమేమీ లేదు. మా ఇంట్లో దసరాకి దివాణం మనుషులందరికీ బట్టలు పెట్టేవారు. ఇప్పుడు నేను పెడుతున్నాను. బట్టలు సర్కారువి కావడం ఒక్కటే తేడా.

మాది రాజాం అవతల పదకొండు ఊళ్ళ ఎస్టేటు. నా చిన్నతనంలోనే ఎస్టేట్లు రద్దయ్యాయి. రద్దు కాకుండా మిగిలినదాన్ని మా నాన్నగారు కోర్టుల్లో, మా చిన్నాన్నగారు నాటక సమాజాల్లో పూర్తి చేశారు. మేడ ఒక ధాన్యం వర్తకుడి చేతికి పోయింది. మా తాతగారు కొలువుతీరిన హాల్లో బస్తాలు కొలువుతీరాయి. నేనూ మామ్మా శ్రీకాకుళంలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. మామ్మ తనతో తెచ్చుకున్న వాటిలో కాస్త బరువున్నది ఒక్కటే, మా దివాణం రాశిముద్ర.

రాశిముద్ర అంటే పిడి ఉన్న చెక్క అచ్చు. కల్లంలో నూర్చిన ధాన్యాన్ని రాశి పోశాక, వాటాలు పంచుకునే రోజు వరకు ఎవరూ అందులోంచి గింజ తియ్యకుండా రాశి చుట్టూ తడిమట్టి అద్ది, దానిమీద ఈ అచ్చుతో ముద్రలు వేసేవారు. ముద్ర చెదిరిందంటే ఎవరో చెయ్యి పెట్టినట్టు. మా ముద్ర మీద తొండం ఎత్తిన ఏనుగు ఉండేది. ఉండేది అనడం ఎందుకంటే, మేడలో చివరి రోజుల్లో దానికి చెద పట్టింది. ఆ చెదపురుగులు కాళ్ళు ముట్టుకోలేదు, తోక ముట్టుకోలేదు, చెవులు ముట్టుకోలేదు. తొండాన్ని మాత్రం మొదలంటా తినేశాయి.

ఇక నా ఉద్యోగం. అది ఏడాది పాటు తాత్కాలికం. ఏడాది చివర తనిఖీకి వచ్చే పెద్ద అధికారి నా పని చూసి సంతకం పెడితే ఖాయమవుతుంది, పెట్టకపోతే ఇంటికి వెళ్ళాలి. వెళ్ళడానికి ఇల్లు ఆ రెండు గదులే. రాయడం తప్ప నాకు చేతనైన పని లేదు. మామ్మకు నేను తప్ప ఎవరూ లేరు. అందుచేత ఆ ఒక్క సంతకం కోసం ఏడాదిపాటు ఎవరి ముందూ వంగని నడుమును రిజిస్టరు ముందు వంచాను.

స్టోరులో నాతోపాటు ఒక హెడ్ కానిస్టేబులు ఉండేవాడు. యాభై దాటిన మనిషి, పెద్ద మీసం, చిన్న బొజ్జ. అందరూ హెడ్డు అనేవారు. మూటలు విప్పడం, కొలతలు చూడడం, సామాను చేతికివ్వడం ఆయన పని. స్టోరులో ఉన్నది ఒకే కుర్చీ. నేను చేరిన మొదటిరోజునే హెడ్డు దాన్ని తన తువ్వాలుతో తుడిచి, "కూకోండి బాబూ" అని తాను గోనెమూట మీద కూర్చున్నాడు. మా కుటుంబం ఏదో ఆయనకి తెలుసునని అప్పుడే అర్థమైంది. వాళ్ళ నాన్న మా కల్లాల్లో రాశులకి కాపలా ఉండేవాడట. నేను ఆయన్ని "హెడ్డుగారూ, మీరు" అనేవాణ్ణి. ఆయనకది నచ్చేది కాదు.

"నన్ను గారనకండి బాబూ. ఎనక ఎవులో నిల్సున్నారని తిరిగి సూస్తన్నాను."

ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం, తిరిగొచ్చిన సామాను ఎలా రాయాలో. పదవీ విరమణ చేసేవాళ్ళూ, బదిలీ అయ్యేవాళ్ళూ తమ సామాను తెచ్చి అప్పజెప్పేవారు. సగం సామానుకు ఏదో ఒకటి లోపించేది. మొదట్లో ఒక బెల్టు వస్తే, "తోలు ముక్క" అని రాశాను. బక్కిలు లేదు కాబట్టి అది నడుముకి నిలవదు, కాబట్టి బెల్టు కాదని నా తర్కం. హెడ్డు నెత్తి కొట్టుకున్నాడు.

"అలగ రాత్తే మనమిచ్చిన బెల్టు ఏటైపోనట్టు? ఇచ్చినప్పుడు ఏటని రాసినారో తీసుకున్నప్పుడూ అదే రాయాల. బెల్టు ఒకటి. పక్కగడిలో, బక్కిలు లేదు. అంతే."

ఆ రోజునుంచి నేను అలాగే రాశాను. విజిలు ఒకటి, గొలుసు లేదు. టోపీ ఒకటి, అంచు లేదు. ఒకసారి ఒక బూటు వచ్చింది. లేసు లేదు, మడమ లేదు, ముందుభాగంలో వేళ్ళు పట్టేంత కిటికీ ఉంది. అదీ బూటే అని రాశాను.

ఆ చలికాలం పార్వతీపురం వైపు కొండల్లోకి అదనంగా పోలీసుల్ని పంపుతున్నారు. ఎందుకన్నది, గిరిజనుల తిరుగుబాటు నడుస్తున్న ఆ రోజుల్లో, ఈ జిల్లాలో ఉన్నవారెవరికీ చెప్పనక్కర్లేదు. నాకు సంబంధించినంతవరకూ అది కంబళ్ళ సమస్య. కొత్త కంబళ్ళ మూటలు కొత్తవలస రైలు స్టేషన్లో వారంపాటు పడి ఉండి చివరికి మాకు చేరాయి. కానీ ప్రతి కంబళికీ ఒక మూల సర్కారు ముద్ర వెయ్యకుండా ఇవ్వకూడదని నియమం. ముద్ర లేకపోతే సర్కారు కంబళికీ సంతలో దొరికే కంబళికీ తేడా తెలియదు. మంచిది ఇంటికి పంపుకుని చిరిగింది తెచ్చి అప్పజెప్పే ఘనులు ఉంటారు. ఆ ముద్ర కాస్తా పిడి విరిగి బాగుచేతకి హైదరాబాదు వెళ్ళింది. మూడు నెలలైనా తిరిగి రాలేదు.

ఒక ఉదయం కొండకి వెళ్ళే బ్యాచీ వరండాలో నిలబడింది. లారీ బయట ఆగి ఉంది. ముద్ర వేసి కంబళ్ళు వెంటనే ఇచ్చి పంపమని పైనుంచి కాగితం వచ్చింది. కాగితం వచ్చింది కాని ముద్ర రాలేదు.

"ఏటి సేద్దాం బాబూ?" అన్నాడు హెడ్డు. "ముద్దరెయ్యకుండా ఇచ్చీమంటారా?"

"నియమం ఒప్పుకోదు."

"ఇవ్వకుండా పంపీమంటారా? ఆ సలికి గెడ్డకట్టీస్తారు ఈల్లు."

వరండాలోంచి ఒక కానిస్టేబులు తొంగిచూశాడు. "హెడ్డుగోరూ, కంబళిస్తే ఎల్తాం. లేదంటే మీ గుమస్తాబాబుని కప్పుకుని పడుకుంటాం."

అందరూ నవ్వారు. నేను లేచాను. మా గుమ్మంలోకి బట్టల కోసం వచ్చినవాడు ఉత్త చేతులతో వెళ్ళాడన్న మాట మా వంశంలో లేదు. అరగంట ఆగమని చెప్పి, ఇంటికి వెళ్ళి, మామ్మ పూజగూట్లోంచి రాశిముద్ర తీసుకొచ్చాను. మామ్మ ఒక్క ప్రశ్న వేసింది.

"ఎవరి రాశి?"

"సర్కారుది."

"అయితే లోతుగా నొక్కు," అంది.

మార్కింగు సిరా పళ్ళెంలో పోసి, కంబళి మూల పరిచి, మొదటి ముద్ర నేనే వేశాను. ముదురు నలుపు రంగులో మా ఏనుగు ఖాకీ కంబళి మీద నిలబడింది. చాలా ఏళ్ళ తర్వాత దాన్ని పనిలో చూస్తున్నాను.

హెడ్డు తల ఒక పక్కకి వంచి చూశాడు. "బాబూ, ఇది మీ దివానం ముద్దర కాదేటి?"

"అవును."

"మా అయ్యకి ఈ ముద్దరంటే పేనం," అన్నాడు. మళ్ళీ ఇంకో పక్కకి తల వంచి చూశాడు. "కానైతే ఇప్పుడు పందిలాగున్నాది."

"ఏనుగు," అన్నాను.

"ఏనుగే. నానెరగనా? సూసీవోడికి మాత్రం పందిలాగున్నాది."

మధ్యాహ్నానికి కంబళ్ళు లారీ ఎక్కాయి. తర్వాతి రెండు బ్యాచీలకీ అలాగే ఇచ్చాం. కంబళ్ళ రిజిస్టరులో ముద్ర అన్న గడిలో "వేయబడినది" అని నిజాయితీగా రాశాను. ఏ ముద్రో రాయడానికి గడి లేదు.

వారం తిరక్కుండా కొండల మీద ఆ కంబళ్ళని పంది కంబళ్ళు అంటున్నారని తెలిసింది. కొత్తగా చేరిన ఒకడు స్టోరుకి వచ్చి, "అన్నీ దొరికినాయి, పందొకటి ఇచ్చీండి," అన్నాడు. నేను అతనికి నిక్కరు ఒక సైజు తక్కువది ఇచ్చాను. ఉద్యోగ జీవితంలో నేను తెలిసి చేసిన అన్యాయం అదొక్కటే.

తనిఖీ రోజు వచ్చింది. కొండకి వెళ్ళిన మొదటి బ్యాచీ అప్పటికి దిగి వచ్చి ఉంది. తనిఖీలో ప్రతివాడూ మైదానంలో తన కంబళి పరిచి, దానిమీద మిగతా సామాను వరసగా సర్ది, వెనక నిటారుగా నిలబడాలి. హెడ్డు తెల్లవారేసరికే వచ్చి వరసంతా తిరుగుతూ, "మూల మడిసీండ్రా, మూల మడిసి లోపలికి తొయ్యండ్రా," అని ప్రతి పందినీ దాయించాడు. నాతో ఒక్కటే మాట చెప్పాడు.

"ఈ ఒక్కరోజు నోరిప్పకండి బాబూ. సాయంకాలం మీ సంతకం మీకొచ్చీస్తాది."

పెద్ద అధికారి ఎత్తుగా, సన్నగా ఉన్నాడు. తక్కువ మాట్లాడే మనిషి. ఒక్కొక్క కంబళి ముందూ ఆగి, చేతికర్రతో బూటు అడుగు తిప్పి చూసి, ముందుకి నడుస్తున్నాడు. నేను రిజిస్టర్లు పట్టుకుని మూడు అడుగులు వెనక. వరసలో సగం దాటాక ఆయన కర్ర ఒక మడతను ఎత్తింది.

"ఇదేమిటి? పందా?"

వరసలో ఎవరో నవ్వుని దగ్గుగా మార్చారు. హెడ్డు ఒక అడుగు ముందుకేసి సెల్యూట్ కొట్టాడు.

"స్టోరు గుర్తు సార్. అసలు ముద్దర ఐదరాబాదు నించి రాలేదు సార్. కుర్రోల్లు కొండకెల్లిపోవాల. తాత్కాలికంగా ఏసినాం సార్."

"పందిని వేశారా?"

"తాత్కాలికం పంది సార్."

అధికారి ముఖంలో ఒక మూల ఏదో కదిలింది. "సరే. ముద్ర రాగానే సరైనది వేయించండి," అని పక్క కంబళి దగ్గరికి జరిగాడు.

గండం గడిచింది. హెడ్డు నావైపు చూసి కళ్ళు మూసి తెరిచాడు. ఇక సాయంత్రం దాకా నేను ఊరుకుంటే చాలు.

"పంది కాదు సార్," అని ఎవరో అన్నారు. గొంతు నాదే. "ఏనుగు."

అధికారి వెనక్కి తిరిగాడు. "ఎవరి ఏనుగు?"

"మాది సార్."

మధ్యాహ్నం ఆయన గదిలో నిలబడ్డాను. సర్కారు సామాను మీద సొంత ఇంటి ముద్ర వేశానన్నది నా నేరం. ఎందుకు వేశానో చెప్పాను. లారీ, చలి, హైదరాబాదు, కల్లం, రాశి, అన్నీ వరసగా చెప్పాను. ఆయన అడ్డు రాకుండా విన్నాడు. బల్ల మీద ఆయన ముందు నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఉంది. సంతకం చోటు ఖాళీగా ఉంది. నాకు తలకిందుగా కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

"చలిలో పోయేవాళ్ళకి కంబళ్ళిచ్చావు. అందుకు నిన్ను పంపెయ్యను," అన్నాడు. "కానీ ఆ చెక్క ఇంక నీ ఇంట్లో ఉండకూడదు. స్టోరులో జమ చెయ్యి. పందిబొమ్మ చెక్కముద్ర ఒకటి అని రిజిస్టరులో రాసి, తీసుకురా. దానిమీదా దీనిమీదా ఒకేసారి సంతకం పెడతాను."

"సార్, అది..."

"పంది," అన్నాడాయన. "నా కళ్ళకి కనిపించింది పంది."

స్టోరుకి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ముద్ర బల్ల మీద, రిజిస్టరు ముందు, కలం చేతిలో. హెడ్డు గోనెమూట మీద కూర్చోకుండా నా పక్కన నిలబడ్డాడు.

"రాసీండి బాబూ. రెండక్షరాలు. పందని రాత్తే ఏనుగేటీ అనుకోదు."

"నేను అనుకుంటాను."

"మీరనుకోడానికి రేపుంటాది. సంతకం ఈ రోజే."

ఆయన చెప్పింది నిజమే. మామ్మ గుర్తొచ్చింది, రెండు గదులు గుర్తొచ్చాయి. కలం సిరాలో ముంచాను. ఎక్కడ రాయాలా అని పేజీ మీద పై వరస చూశాను. నిన్ననే నేను రాసిన వరస. బూటు ఒకటి, లేసు లేదు. దాని పైన, బెల్టు ఒకటి, బక్కిలు లేదు. ఆ పైన విజిలు, గొలుసు లేదు. ఏడాదిగా పేజీ తర్వాత పేజీ అదే రాశాను. వాటి కిందనే ఇలా రాశాను:

"ఏనుగు బొమ్మ చెక్కముద్ర ఒకటి." పక్కగడిలో, "తొండం లేదు."

హెడ్డు చదివి, "ఓరి నాయనో," అని నా వెనకే అధికారి గదికి వచ్చాడు.

అధికారి చదివాడు. మళ్ళీ చదివాడు. "నేను ఏం రాయమన్నాను?"

"పంది అని సార్. కానీ ఇచ్చినప్పుడు ఏమని ఉందో తీసుకున్నప్పుడూ అదే రాయాలని స్టోరు పద్ధతి. పోయినదాన్ని పక్కగడిలో చూపిస్తాం. పైన చూడండి సార్. లేసు లేని బూటుని మేం చెప్పు అని రాయం."

ఆయన పై వరసలు చూశాడు. పేజీ తిప్పి వెనక పేజీ చూశాడు. ఇంకో పేజీ చూశాడు. చాలాసేపు చూశాడు. కిటికీ అవతల కవాతు చేస్తున్న వాళ్ళ బూట్ల చప్పుడు వినిపిస్తోంది.

"బెల్టుకి బక్కిలు ఉండేదని నీ దగ్గర ఇచ్చినప్పటి రాత ఉంది," అన్నాడు చివరికి. "దీనికి తొండం ఉండేదని రాత ఏది? నీ మాట తప్ప సాక్ష్యం ఏది?"

నా దగ్గర లేదు. ఎస్టేటు దస్తరాలన్నీ ఎప్పుడో కోర్టుల పాలయ్యాయి. మెడ మాత్రం నిటారుగానే పెట్టుకున్నాను. అప్పుడు నా వెనక బూట్లు టక్కుమన్నాయి.

"నాను సాచ్చికం సార్," అన్నాడు హెడ్డు.

"నువ్వే కదా పొద్దున్న పంది అన్నావు?"

"పొద్దున్న అవసరం సార్. ఇది ఏనుగే. తొండం పైకెత్తి, కొస ఎడంపక్కకి తిరిగుండీది."

"అంత వివరంగా ఎలా తెలుసు?"

హెడ్డు నావైపు చూడకుండా గోడవైపు చూస్తూ చెప్పాడు. "మా అయ్య ఈల్ల కల్లంలో రాశికి కాపలా సార్. ముద్దర సెరిపి రెండు గంపలు తీసి, మల్లీ మట్టద్ది, సిలగడదుంప మీద ఏనుగుని సెక్కి ముద్దరేసీవోడు సార్. దుంప పట్టుకోడం నా పని. కాల్లూ సెవులూ సులువు. తొండం కాడే సెయ్యి తిరగాల. ఎడంపక్కకి కొస రాకపోతే దొరికిపోతాం సార్."

పోలీసు అధికారి ముందు, పోలీసు బట్టల్లో, ఒక హెడ్ కానిస్టేబులు తన తండ్రి దొంగతనాన్ని వాంగ్మూలంగా ఇచ్చాడు, నా ఉద్యోగం కోసం. నేను ఆయన వైపు తిరిగాను. ఆయన ఇంకా గోడనే చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎన్నేళ్ళు?" అన్నాను. అడగకూడని చోట అడిగాను.

"మా అయ్యకి కల్ల సూపు తగ్గీదాకా బాబూ."

అధికారి టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. భుజాలు కదిలాయి. కాసేపటికి నవ్వు బయటికే వచ్చింది. కళ్ళు తుడుచుకుని రిజిస్టరు దగ్గరికి లాక్కుని, ఏనుగు పక్కన సంతకం పెట్టాడు. తర్వాత ఆ రెండో కాగితం మీద కూడా పెట్టాడు. కలం మూస్తూ అన్నాడు:

"ముద్ర వచ్చాక ప్రతి కంబళి మీదా సర్కారు ముద్ర నువ్వే వెయ్యాలి. నీ చేత్తో. ఒక్కటి తప్పినా ఊరుకోను."

బయట వరండాలో హెడ్డు చాలాసేపు మీసం సవరించుకున్నాడు. "కోపమొచ్చినాదా బాబూ?"

నాకు కోపం రావాలి. పదకొండు ఊళ్ళ దివాణం పరువు చిలగడదుంప చేతిలో పోయింది. అదే దుంప వల్ల నిలబడింది కూడా. రెండింటిలో దేనికి ముందు స్పందించాలో మా పెంపకంలో నేర్పలేదు.

"తొండం బాగా చెక్కేవారా?" అన్నాను.

"అసలుదానికన్నా బాగుండీది," అన్నాడు హెడ్డు గర్వంగా.

మామ్మకి దుంప సంగతి చెప్పలేదు. ఉద్యోగం ఖాయమైందని, ముద్ర సర్కారుకి జమ అయిందని మాత్రం చెప్పాను. ఆవిడ ఖాళీ అయిన పూజగూడు వైపు కొంచెంసేపు చూసింది. మర్నాడు గోడ మీదుగా మాటలు వినిపించాయి: "మా ఏనుగుని సర్కారువారు అడిగి మరీ కొలువులో పెట్టుకున్నారమ్మా."

సర్కారు ముద్ర ఎండలు ముదిరాక వచ్చింది. కొండల నుంచి కంబళ్ళు మూటలుగా దిగాయి, పొగ వాసనతో, ఆకుల ముక్కలతో. నేను ముద్ర వేస్తున్నాను, హెడ్డు ఒక్కొక్క మూలా పరిచి పట్టుకుంటున్నాడు. సర్కారు ముద్ర పొడుగ్గా, సన్నగా ఒకే వరసలో అక్షరాలూ అంకెలూ. మొదట వాటిని ఏనుగుకి దూరంగా, మర్యాదగా వేస్తూ వచ్చాను. ఎన్నో కంబళి దగ్గరో చెయ్యి జారింది. ముద్ర ఏటవాలుగా ఏనుగు మొహం ముందు పడింది.

తుడవబోయాను. హెడ్డు నా చెయ్యి పట్టుకున్నాడు. తల ఒక పక్కకి వంచి చూశాడు, ఇంకో పక్కకి వంచి చూశాడు.

"సూడండి బాబూ. సర్కారోల్లు తొండం ఇచ్చీసినారు."

నేనూ తల వంచి చూశాను. పైకెత్తిన తొండం. కొస ఎడంపక్కకి.

మిగిలిన కంబళ్ళన్నిటికీ ముద్ర ఎక్కడ పడాలో ఆ తర్వాత నా చేతికి తెలిసిపోయింది.